మీ చెల్లెలు అడిగిన డాక్టరు, సినిమాలు చూపించే డాక్టరు

మీరు రాసిన విషయం మిగతావాళ్లకు కూడా అర్థం కావడానికి ముందు క్లుప్తంగా చెబుతాను. మీ చెల్లెలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆరు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు, కాలేజీకి వెళ్లడం తగ్గించేసింది. ఈమధ్య 'డియర్ జిందగీ' అనే హిందీ సినిమా చూసి, "అన్నయ్యా, నన్ను ఇలాంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తావా" అని అడిగింది. మీకేమో భయంగా ఉంది. సినిమాల్లోలా థెరపిస్ట్ పేషెంట్‌కి స్నేహితుడైపోతాడా, అంత దగ్గరవడం ఆడపిల్లకు మంచిదేనా, ప్రేమ వ్యవహారాలు నిజంగా జరుగుతాయా, అసలు సినిమాల్లో చూపించేదాంట్లో ఎంత నిజం అని అడిగారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. హైదరాబాద్‌లో 19 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. సినిమాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. అందుకే మీ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

మొదట ఒక మాట. సినిమా చూసి అడిగిందని ఆ పిల్ల మాటను తేలిగ్గా తీసుకోకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సొంతంగా నోరు తెరిచి అడిగి వచ్చినవాళ్లు తక్కువ. మన దగ్గర 'ఎర్రగడ్డ' అన్న ఊరి పేరునే ఎగతాళికి వాడుకుంటాం. అక్కడున్నది వేలమందికి ఆసరా ఇచ్చిన ప్రభుత్వ మానసిక వైద్యశాల అని ఎవరికీ గుర్తుకు రాదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఇలాంటి చోట ఒక అమ్మాయి సినిమా చూసి "నాకూ ఒకరు కావాలి" అని అడగగలిగిందంటే, ఆ సినిమా పెద్ద మేలే చేసింది.

ఇక సినిమాల సంగతి. మనసు వైద్యం ప్రేమకథలా కనిపించడం ఇవాళ్టిది కాదు. 1925లోనే హాలీవుడ్ నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్, చరిత్రలోని గొప్ప ప్రేమకథల మీద సినిమాకు సాయం చేయమని, మాటలతో మనసుకు వైద్యం చేసే సైకోఎనాలిసిస్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్‌కి లక్ష డాలర్లు ఇస్తానన్నాడు. ఫ్రాయిడ్ ఆయన్ని కలవడానికి కూడా ఒప్పుకోలేదు. ఫ్రాయిడ్ ఒప్పుకోకపోయినా సినిమావాళ్లు ఆగలేదు. 1945లో హిచ్‌కాక్ 'స్పెల్‌బౌండ్' తీశాడు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సైకియాట్రిస్ట్, గ్రెగరీ పెక్ తానెవరో మరిచిపోయిన మనిషి. ఆమె అతన్ని ప్రేమిస్తుంది, పోలీసుల కంట పడకుండా అతనితో తిరుగుతుంది, అతని కలను విడమరిచి జబ్బు నయం చేస్తుంది. చిన్నప్పుడు తమ్ముడు ప్రమాదంలో చనిపోయిన జ్ఞాపకం ఒక్కసారిగా బయటికి రాగానే అతను మామూలు మనిషైపోతాడు. ఆ సినిమా నిర్మాత సెల్జ్‌నిక్, తనకు వైద్యం చేసిన సైకోఎనలిస్ట్ మే రామ్‌నే దానికి సలహాదారుగా పెట్టుకున్నాడు. పక్కన నిపుణురాలు ఉన్నా కథ మాత్రం ప్రేమ వైపే వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో సినిమాలకు ఈ రెండు అలవాట్లూ అంటుకున్నాయి: ఒకటి, డాక్టర్ ప్రేమే మందు, రెండు, ఒక్క జ్ఞాపకం బయటపడితే జబ్బు మాయం.

అమెరికన్ సైకియాట్రిస్ట్ ఇర్వింగ్ ష్నైడర్ 1987లో సినిమా సైకియాట్రిస్టులను మూడు రకాలుగా విడదీశాడు. మన మాటల్లో చెప్పాలంటే తిక్క డాక్టరు, దుర్మార్గపు డాక్టరు, దేవుడిలాంటి డాక్టరు. మొదటి రకం మన కామెడీ ట్రాకుల్లో బోలెడు: పేషెంట్ మాటలు వినీ వినీ చివరికి డాక్టరే జుట్టు పీక్కుంటాడు. నవ్వుకున్నాం, సరే. కానీ ఆ నవ్వు వల్ల ఎంతమంది ఆస్పత్రి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఇక దేవుడిలాంటి డాక్టరు వల్ల వచ్చే ఇబ్బంది వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

మీ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే సినిమా మన తెలుగులోనే ఉంది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన 'చివరకు మిగిలేది'. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు ఒక్కటే, కథ వేరు. వైద్యవిద్య చదువుకున్న ప్రభాకర్ రెడ్డికి ఇదే తొలి సినిమా. ఆశుతోష్ ముఖర్జీ రాసిన కథతో 1959లో బెంగాలీలో సుచిత్రా సేన్ నటించిన 'దీప్ జ్వేలే జాయ్' దీనికి మూలం. దాదాపు పదేళ్ల తర్వాత వహీదా రెహమాన్‌తో హిందీలో 'ఖామోషీ'గా కూడా వచ్చింది. తెలుగులో ఆ నర్సు సావిత్రి.

కథ ఇదీ. ప్రేమ విఫలమై మతి చెడిన యువకుడు ఆస్పత్రిలో చేరతాడు. అతనికి మళ్లీ ప్రేమ దొరికినట్టు అనిపిస్తే కోలుకుంటాడని పెద్ద డాక్టరు నమ్మకం. ఆ ప్రేమను నటించే పని ఒక నర్సుకు అప్పగిస్తాడు. ఆమె నటిస్తుంది, అతను కోలుకుంటాడు, కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోతాడు. కానీ ఆమె మనసులో అది నటనగా మిగల్లేదు. ఆ గాయం మానకముందే ఇంకో పేషెంట్‌ను తెచ్చి మళ్లీ అదే పని చేయమంటారు. రెండోవాడూ కోలుకుంటాడు. ఈసారి ఆమె మనసు తట్టుకోలేకపోతుంది. తను సేవ చేసిన ఆస్పత్రిలోనే ఆమె పేషెంట్‌గా చేరాల్సి వస్తుంది. తాను ఎన్నడూ నటించలేదని చెప్పే ఆ చివరి ఘట్టం దగ్గర నా గొంతు పట్టేస్తుంది. ఎన్నిసార్లు చూసినా అంతే.

ఈ కథలోని వైద్యం తప్పు. అలాంటి వైద్యపద్ధతి ఏదీ లేదు, ఉండకూడదు. పేషెంట్‌ను మోసం చేసి బాగుచేయడం అది. ఒకసారి ప్రేమలో మోసపోయిన మనిషికి మళ్లీ అబద్ధపు ప్రేమనే మందుగా ఇచ్చారు. అయినా ఈ సినిమాను నేను నా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలందరికీ చూపిస్తాను. ఎందుకంటే వైద్యం చేసేవాళ్లకూ పేషెంట్‌కూ మధ్య ఉండాల్సిన గీత దాటితే మూల్యం ఎవరు చెల్లిస్తారో ఇంత స్పష్టంగా చూపించిన సినిమా నాకు ఇంకొకటి కనిపించలేదు. హాలీవుడ్‌లో డాక్టరమ్మ పేషెంట్‌ను ప్రేమిస్తే పెళ్లితో కథ ముగుస్తుంది. ఇక్కడ ఆ నర్సు మనసు గురించి ఎవరూ అడగలేదు, ఆమెను ఒక పనిముట్టులా వాడారు. వైద్యం చేసేవాళ్లకూ ఒక మనసుంటుందని, దాన్ని కాపాడే ఏర్పాటు ఉండాలని ఆ కథ 1960 నాటికే చెప్పింది. మేము నెలకు రెండుసార్లు మా సీనియర్ల దగ్గర కూర్చుని, మా మీద ఏ కేసు బరువు ఎలా పడుతోందో చెప్పుకుంటాం. దాన్ని సూపర్‌విజన్ అంటాం. ఆ నర్సుకు కావాల్సింది అదే. అమెరికన్ టీవీ సీరియల్ 'ద సోప్రానోస్'లో డాక్టర్ మెల్ఫీ అనే సైకియాట్రిస్ట్ తనూ ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లి మాట్లాడుతుంటుంది. అది చూసినప్పుడు ఎవరో మా ఇంట్లోకి తొంగి చూసి రాసినట్టు అనిపించింది.

(మన సినిమాకు ఈ కథ మీద మక్కువ ఎక్కువే. 1963లో వచ్చిన 'పునర్జన్మ'లోనూ మతి చెడిన మనిషిని బాగుచేసే భారం ఒక స్త్రీ ప్రేమ మీదే పెట్టారు. దాన్నే తర్వాత హిందీలో 'ఖిలోనా'గా తీశారు.)

ఇప్పుడు మీ అసలు భయం దగ్గరికి వద్దాం. థెరపీలో పేషెంట్‌కు డాక్టర్ మీద ఇష్టం కలుగుతుందా? కలుగుతుంది. ప్రేమ అనిపించవచ్చు, అమ్మలా నాన్నలా అనిపించవచ్చు, ఒక్కోసారి విపరీతమైన కోపం కూడా రావచ్చు. దీన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. మన జీవితంలో ముఖ్యమైన మనుషుల మీద పేరుకున్న ఆశలు, అలకలు, భయాలు ఎదురుగా శ్రద్ధగా వినే మనిషి మీదికి మళ్లుతాయి. ఫ్రాయిడ్ 1915లో ప్రత్యేకంగా దీని మీదే ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రేమ తన అందచందాల వల్ల పుట్టిందని డాక్టర్ అనుకోకూడదని, దాన్ని తీర్చనూ కూడదు, అణచనూ కూడదని చెప్పాడు. మరి ఏం చేయాలి? దాని గురించి మాట్లాడాలి. మా పనిలో సగం అదే.

ఒక ఉదాహరణ చెబుతాను, గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలన్నీ మార్చేశాను. ఒకమ్మాయి ఉద్యోగంలో టెన్షన్ తట్టుకోలేక వచ్చింది. తొమ్మిదో సెషన్‌కి చిన్న స్టీలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "అమ్మ సున్నుండలు చేసింది మేడం, మీకని తెచ్చాను." మూత తీస్తే నెయ్యి వాసన గది అంతా కమ్మేసింది. ఒకటి తీసుకున్నాను. మన ఊళ్లలో పెట్టింది తినకపోతే మనిషిని కాదన్నట్టే. తర్వాత ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది: "మిమ్మల్ని అక్కా అని పిలవొచ్చా?"

సినిమాలో అయితే ఇక్కడ డాక్టర్ కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఇద్దరూ కౌగిలించుకుంటారు. నేను, "పిలవండి, నాకు సంతోషమే. కానీ ఒకటి చెప్పండి, మీకు ఒక అక్క ఉంటే ఇప్పుడు ఏం చేసేది?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. బయట వాచ్‌మన్ మోటరు ఆఫ్ చేసిన చప్పుడు కూడా వినిపించింది. అప్పుడు చెప్పింది, తనకు నిజంగానే అక్క ఉందని, పెళ్లయ్యాక ఆమె ఫోన్ చేయడం మానేసిందని, ఆ విషయం ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదని. ఆ రోజు నుంచే అసలు పని మొదలైంది. నేను అక్కనైపోయి ఉంటే ఆ ఖాళీని తాత్కాలికంగా నింపేదాన్ని. రేపు నేను ఊరెళ్లినా, ఫోన్ ఎత్తకపోయినా ఆ పిల్లకు అదే గాయం మళ్లీ అయ్యేది. అక్క కాకుండా అక్క గురించి మాట్లాడే చోటు ఇచ్చాను కాబట్టి, ఐదు నెలల తర్వాత ఆమె తన సొంత అక్కకు ఫోన్ చేసింది.

అందుకే చెబుతున్నాను: సినిమాలు ఒకటి సరిగ్గా పట్టుకున్నాయి. మనిషిని బాగుచేయడంలో ఆ ఇద్దరి మధ్య ఏర్పడే నమ్మకం చాలా పెద్దది, అది లేకపోతే ఏ పద్ధతీ పని చేయదు. కానీ ఆ నమ్మకం గీత చెరిపేస్తేనే పుడుతుందని చూపించడం పొరపాటు. అది ఆ గీత వల్లే పుడుతుంది. వారానికి ఒకసారి, అదే గది, అదే టైము, 50 నిమిషాలు, ఇంత ఫీజు. ఎదురుగా కూర్చున్న డాక్టర్‌కి తమ నుంచి ఇంకేమీ అక్కర్లేదని తెలిశాకే చాలామంది జీవితంలో మొదటిసారి నిజం చెబుతారు. అమ్మకు చెబితే బెంగ పెట్టుకుంటుంది, స్నేహితురాలికి చెబితే పదిమందికి తెలుస్తుంది, మొగుడికి చెబితే రేపు గొడవలో అదే ఎత్తి చూపుతాడు. నాకు చెబితే ఆ మాట ఆ గదిలోనే ఉంటుంది.

'డియర్ జిందగీ'కి వస్తాను. గౌరీ షిండే తీసిన 2016 సినిమా. గోవాలో సముద్రం ఒడ్డున నడుస్తూ, సైకిల్ తొక్కుతూ షారుఖ్ ఖాన్ చేసే సెషన్లు చూసి మీ చెల్లెలు ముచ్చటపడి ఉంటుంది. నిజం చెప్పాలంటే మా సెషన్లు నాలుగు గోడల మధ్యే జరుగుతాయి. బీచ్‌లో నడుస్తుంటే ఎవరో ఒకరు వింటారు. ఆయన మాట్లాడినన్ని నీతికథలు కూడా మేం చెప్పం. కుర్చీ కొనేముందు నాలుగైదు కుర్చీల్లో కూర్చుని చూస్తాం కదా, తోడును ఎంచుకోవడమూ అంతేనని ఆయన చెప్పే పోలిక అందంగానే ఉంది. కానీ నిజమైన గదిలో ఆ పోలిక పేషెంట్ నోటి నుంచి రావాలని మేం ఎదురుచూస్తాం. మాట్లాడేది ఆమె, వినేది మేము. సినిమాలో స్టార్ ఎదురుగా ఉంటే అది తారుమారవుతుంది, అర్థం చేసుకోవచ్చు.

అయినా ఆ సినిమా మీద నాకు గౌరవం, దాని ముగింపు వల్ల. సెషన్లు అయిపోయే రోజు పేషెంట్ కాయిరా డాక్టర్‌కి తన ఇష్టం చెబుతుంది. ఆయన ఆమెను చిన్నబుచ్చడు, మందలించడు, అది సహజమేనన్నట్టు తీసుకుంటాడు. కానీ ఒప్పుకోడు. అంత పెద్ద హీరో, అంత పెద్ద హీరోయిన్, ప్రేక్షకులు కోరుకునేది చేతికి అందేంత దగ్గర్లో పెట్టి కూడా దర్శకురాలు ఆ గీత చెరపలేదు. మన దేశంలో కమర్షియల్ సినిమాలో ఇది చిన్న విషయం కాదు. మీ చెల్లెలికి ఆ ఒక్క సీను మళ్లీ చూపించండి. మంచి థెరపిస్ట్ ఎలా ఉంటాడంటే అలా ఉంటాడు.

నిజజీవితంలో గీత దాటేవాళ్లు లేరా? ఉన్నారు, దాచను. అది జరిగినప్పుడు దాని పేరు ప్రేమ కాదు, నమ్మకద్రోహం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమాల ప్రకారం థెరపీ ముగిసిన తర్వాత కూడా కనీసం రెండేళ్ల వరకు మాజీ క్లయింట్‌తో శారీరక సంబంధం నిషేధం. అక్కడి సైకియాట్రిస్టుల నియమావళి అయితే ఎప్పటికీ కూడదంటుంది. మన దేశంలో డాక్టర్ల నియమావళి కూడా పేషెంట్‌తో అనుచితంగా ప్రవర్తించడాన్ని శిక్షించదగ్గ తప్పుగానే చూస్తుంది. మీరు గమనించాల్సినవి ఇవీ: రాత్రిళ్లు పని లేకుండా ఫోన్లు, మెసేజ్‌లు, కాఫీకి రమ్మనడం, తన సొంత కష్టాలు పేషెంట్‌తో చెప్పుకోవడం, "నువ్వు మిగతావాళ్లలా కాదు, నీకు ఫీజు అక్కర్లేదు" అనడం, "ఇది మన మధ్యే ఉండాలి" అని పేషెంట్ చేత దాపరికం చేయించడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అక్కడికి వెళ్లడం మానేయాలి. గోప్యత పాటించాల్సిన బాధ్యత డాక్టర్‌ది. పేషెంట్ తనకు గదిలో జరిగింది ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ఈ తేడా మీ చెల్లెలికి ముందే చెప్పండి.

ఇంకో సినిమా గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు, ఎందుకంటే తెలుగు ఇళ్లలో సైకియాట్రిస్ట్ అంటే మొదట గుర్తొచ్చేది అదే. 'చంద్రముఖి', 2005. 1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' దీనికి మూలం. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా. దెయ్యం అనుకున్నదాన్ని జబ్బు అని చెప్పడం ఎంత గొప్ప అడుగో నాకు తెలుసు. ఆ సినిమా వచ్చాక "మా అమ్మాయికి చంద్రముఖిలా ఏమైనా ఉందా" అని అడుగుతూ భూతవైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు మా దగ్గరికి వచ్చారు. ఆ మేలు మరిచిపోను.

కానీ ఈసారి చూసినప్పుడు ఒకటి లెక్కపెట్టండి. డాక్టర్, తన పేషెంట్ గంగతో ఆమె జబ్బు గురించి కూర్చుని ఎంతసేపు మాట్లాడాడు? ఆయన ఇంట్లో తిరుగుతాడు, ఆధారాలు సేకరిస్తాడు, భర్తకు వివరిస్తాడు, చివర్లో బొమ్మను అడ్డం పెట్టి ఆమెను నమ్మిస్తాడు. ఆమెకు మాత్రం తనకు ఏమైందో, తనకు ఏం చేస్తున్నారో తెలియదు. అక్కడ డాక్టర్‌కీ పేషెంట్‌కీ మధ్య సంబంధమే లేదు. ఉన్నది డాక్టర్‌కీ భర్తకీ మధ్య.

ఇది సినిమా వరకే ఉంటే నాకు బాధ లేదు. నెలలో ఒకరిద్దరైనా నా ముందు కూర్చుని అడుగుతారు: "మేడం, మా ఆవిడకు తెలియకుండా చారులో మందు కలిపి ఇవ్వొచ్చా?" అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు, అలసిపోయినవాళ్లు. కానీ తెలియకుండా ఇచ్చిన మందు సంగతి ఒకరోజు ఆమెకు తెలుస్తుంది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో అన్నం కూడా అనుమానంతోనే తింటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 పేషెంట్‌కు తన జబ్బు గురించి, వైద్యం గురించి తెలుసుకునే హక్కు ఇచ్చింది. మీ చెల్లెలి విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి. ఏం చేసినా ఆమెతో చెప్పి చేయండి.

షాక్ ట్రీట్‌మెంట్ గురించి కూడా ఒక్క మాట, మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు కాబట్టి. 1975 నాటి 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్'లో, ఆ తర్వాత మన సినిమాల్లో ఎన్నింట్లోనో, కాళ్లూ చేతులూ పట్టుకుని మెలకువలో ఉన్న మనిషికి కరెంటు పెడతారు. మన చట్టం అది నిషేధించింది. మత్తు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా ఈసీటీ (షాక్ ట్రీట్‌మెంట్‌కి వైద్యులు వాడే పేరు) చేయకూడదు. అదీ తీవ్రమైన కొన్ని జబ్బులకు, సైకియాట్రిస్ట్ నిర్ణయంతోనే. నిద్ర పట్టడం లేదని వెళ్లిన పిల్లకు ఎవరూ షాకులు పెట్టరు.

ఇందాక దేవుడిలాంటి డాక్టర్ సంగతి తర్వాత చెబుతానన్నాను. డాక్టర్‌గా వేసిన రాబిన్ విలియమ్స్‌కి ఆస్కార్ తెచ్చిన 'గుడ్ విల్ హంటింగ్' (1997) నాకు ఎంతో ఇష్టమైన సినిమా. అందులో మొదటి రోజే, పేషెంట్‌గా వచ్చిన కుర్రాడు డాక్టర్‌గారి చనిపోయిన భార్య గురించి నోరు జారితే డాక్టర్ అతని గొంతు పట్టుకుంటాడు. మా దగ్గర అలా జరిగితే ఉద్యోగం పోవాలి, పోవడమే న్యాయం. చివర్లో "నీ తప్పు కాదు" అని మళ్లీ మళ్లీ అంటుంటే కుర్రాడు భోరుమంటాడు, ఆ ఏడుపుతో కట్టు తెగిపోతుంది. అలాంటి క్షణాలు మా గదుల్లోనూ వస్తాయి. కానీ అవి వచ్చిన మర్నాడు పేషెంట్ "నిన్న అంతలా ఏడ్చానేంటి" అని సిగ్గుపడి రెండు వారాలు రాకుండా మానేస్తాడు. మళ్లీ పిలిచి, మళ్లీ కూర్చుని, అదే విషయం ఇంకో పదిసార్లు మాట్లాడాలి. సినిమా వదిలేసేది ఆ పదిసార్లను. దేవుడిలాంటి డాక్టర్‌ను చూసి వచ్చినవాళ్లు మూడో సెషన్‌కే "ఇంకా ఏమీ జరగలేదేంటి మేడం, మీకు నా కేసు అర్థం కాలేదా" అని నిరాశపడతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు చూసింది అదే.

అదే సినిమాలో నాకు నచ్చిన సెషన్ వేరే ఉంది. కుర్రాడు మొండికేసి గంటసేపు నోరు విప్పడు. డాక్టరూ మాట్లాడడు. గడియారం తిరుగుతుంటుంది, టైమవ్వగానే సెషన్ అయిపోతుంది, అంతే. తెర మీద ఏమీ జరగనట్టు కనిపించే ఆ గంటలో "నువ్వు మాట్లాడకపోయినా నీ టైము నీదే, నేను ఇక్కడే ఉంటాను" అన్న మాట ఆ కుర్రాడికి చేరింది. ఒక ఇంటర్ కుర్రాడితో నేను ఇలాగే మూడు సెషన్లు కూర్చున్నాను. నాలుగో వారం వచ్చి, "మీకు బోర్ కొట్టదా ఆంటీ" అన్నాడు. అది వాడి మొదటి వాక్యం. ఆ వాక్యం విన్నప్పటి సంతోషం నాకు ఇప్పటికీ గుర్తే.

మా పనికి అన్నింటికంటే దగ్గరగా వచ్చిన సినిమా ఏదంటే రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తీసిన 'ఆర్డినరీ పీపుల్' (1980) అంటాను. అన్న పడవ ప్రమాదంలో చనిపోతాడు, బతికిన తమ్ముడు కాన్రాడ్ ఆత్మహత్యాప్రయత్నం చేసి, ఆస్పత్రిలో నెలలు గడిపి ఇంటికొస్తాడు. డాక్టర్ బెర్గర్ ఆఫీసు చిందరవందరగా ఉంటుంది, మాట కాస్త కటువు, అద్భుతాలేమీ చేయడు. వారం వారం కూర్చుంటారు. కొన్ని సెషన్లు విసుగ్గా ముగుస్తాయి, ఒక్కోసారి కుర్రాడు కోప్పడి లేచిపోతాడు. ఒక రాత్రి స్నేహితురాలు చనిపోయిందని తెలిసి కాన్రాడ్ తట్టుకోలేక ఫోన్ చేస్తే, డాక్టర్ ఆ వేళప్పుడు ఆఫీసు తెరుస్తాడు. అది గీత దాటడం కాదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏం చేయాలో అదే చేశాడు. ఇంకో చిన్న సీను ఉంది. కొడుకు గురించి మాట్లాడాలని తండ్రి వస్తాడు, కూర్చున్నాక తను వచ్చింది తన కోసమేనని తనకే తెలుస్తుంది. పిల్లల్ని తీసుకొచ్చే నాన్నల్లో ఎంతమందిలో ఆ తండ్రిని చూశానో.

ఇక నిజంగా మొదటి రోజు ఎలా ఉంటుందో చెబుతాను, మీ చెల్లెలికి ఇది చదివి వినిపించండి. సోఫా మీద పడుకోబెట్టరు. రెండు కుర్చీలు ఉంటాయి, కళ్లలోకి సూటిగా చూస్తూ కూర్చోవాల్సిన ఇబ్బంది లేకుండా కాస్త వారగా వేసి. చేతికందే చోట టిష్యూ డబ్బా. నా గదిలో గోడగడియారం పేషెంట్ కుర్చీ వెనక ఉంటుంది, నేను మణికట్టు వైపు చూస్తే "తొందరగా వెళ్లమంటున్నారేమో" అనుకుంటారని. మొదటి సెషన్‌లో అడిగేవి చాలావరకు మామూలు ప్రశ్నలు: ఎన్నింటికి పడుకుంటావు, ఆకలి ఎలా ఉంది, నెలసరి సరిగా వస్తోందా, థైరాయిడ్ పరీక్ష చేయించారా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా. ఆ చివరి ప్రశ్న అడిగితే కొత్తగా ఆలోచన పుడుతుందని భయపడకండి. అడగడం వల్ల పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. డిప్రెషన్‌కి సీబీటీ అనే పద్ధతిలో (ఆలోచనలనూ అలవాట్లనూ మెల్లగా మార్చే మాటల వైద్యం) అయితే సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. ఆరు నెలల నిద్రలేమి అంటున్నారు కాబట్టి ముందు ఒకసారి సైకియాట్రిస్ట్‌కి చూపించండి. మందులు రాసేది వాళ్లే. మాలాంటివాళ్లం మాటలతో, పద్ధతులతో పని చేస్తాం. సినిమాలు ఇద్దరినీ ఒక్కరినే చేసేస్తాయి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి. మధ్యలో ఏ రాత్రైనా పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

ఆమె చెప్పిన మాటలు మీకు చెప్పరు. అలగకండి. చట్టంలోనే గోప్యత హక్కు ఉంది. ఆమె ప్రాణానికో ఇంకొకరికో ప్రమాదం ఉందనుకుంటేనే మేము ఆ తలుపు తెరుస్తాం, అదీ ముందు ఆమెకే చెప్పి. బయట కనిపించినా పలకరించం. ఆమధ్య కూకట్‌పల్లి రైతుబజార్‌లో వంకాయలు ఏరుకుంటుంటే నా పేషెంట్ ఒకాయన కుటుంబంతో ఎదురుపడ్డారు. ఆయనకు నన్ను ఇంట్లోవాళ్లకు పరిచయం చేయాలని ఉందో లేదో నాకు తెలియదు. అందుకే తల వంచుకుని వంకాయలే చూశాను. తర్వాతి వారం వచ్చి, "ఆరోజు మీరు పలకరించనందుకు థాంక్స్ అండీ" అన్నారు.

మొదటి రోజు మీరు తోడు వెళ్లండి. వెయిటింగ్ హాల్లో కూర్చోండి, ఫోన్ చార్జింగ్ పెట్టుకుని వెళ్లండి, గంట పైనే పట్టొచ్చు. ఆమె బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండొచ్చు, ఏమీ జరగనట్టు మామూలుగా కూడా ఉండొచ్చు. "ఏమన్నారు?" అని మాత్రం అడగకండి. "ఆకలేస్తోందా, ఏమైనా తిందామా" అని అడగండి.